ఇరవై ప్లేట్ల పుట్టినరోజు

మా పాప ఒకటో తరగతిలో చేరిన ఏడాది, వాళ్ళ క్లాసు పిల్లల పుట్టినరోజులకు పిలుపులు రావడం మొదలైంది. మొదటిది ఒక మాల్‌లో, పిల్లలు రంగు బంతుల గుంటలోకి దూకే చోట. రెండోది ఎవరిదో పెద్ద అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో. మూడోది పిజ్జాలు అమ్మే హోటల్లో. మూడింటికీ నేనే బండి మీద తీసుకెళ్ళాను. పిల్లను దింపి వచ్చేయాలో, పెద్దవాళ్ళు కూడా కూర్చోవాలో నాకు తెలియదు. మొదటిసారి హెల్మెట్ చేత్తో పట్టుకుని పార్టీ అయ్యేదాకా గోడవార నిలబడ్డాను. మూడో పార్టీ నుంచి ఇంటికొస్తుంటే, రిటర్న్ గిఫ్టుగా ఇచ్చిన రంగు పెన్సిళ్ళ డబ్బాను వదలకుండా పట్టుకుని, వెనక సీటు నుంచి పాప అడిగింది: "నాన్నా, నా బర్త్‌డే ఎక్కడ చేస్తాం?"

ఎలా చేస్తాం అని అడగలేదు, ఎక్కడ అని అడిగింది. అంతకు ముందు ఏడాది దాకా ఆ పిల్లకు ఆ ప్రశ్నే లేదు. పుట్టినరోజంటే మా వఠారంలోనే. బెంగళూరులో కాడుగోడి రైల్వే స్టేషను వెనక సందులో ఒకే వరసలో ఐదిళ్ళు, వాటి ముందు బండలు పరిచిన వాకిలి, ఆ చివర కొళాయి, దాని పక్కన అందరికీ కలిపి రెండు బాత్రూములు. పొద్దున్నే తలంటి పోసి, కొత్త గౌను అంచుకు పసుపు రాసి తొడిగితే, చాక్లెట్ల సంచి పట్టుకుని పాప ఐదిళ్ళూ తిరిగేది. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు బుగ్గ గిల్లేవారు. సాయంత్రం వాకిట్లో చాపలు పరిచి, మూల మీది బేకరీ కేకు కోసి, పెద్ద గిన్నెడు చిత్రాన్నం అందరం తినేవాళ్ళం. అయిపోయేది.

మా పక్క ఇల్లు అవ్వది. పాప అవ్వా అంటుంది, నేను పెద్దమ్మా అంటాను. వాళ్ళు తాతల కాలంలోనే బెంగళూరు చేరిన తెలుగువాళ్ళు. ఆమె మాట్లాడేది తెలుగు, చదివేది కన్నడం, తిట్టేది రెండింటిలోనూ. భర్త ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర కాపలా ఉంటాడు. ఆమె పగలంతా వాకిట్లో కూర్చుని సంతలో అంగడికి పూలు కడుతుంది. నేను హొసకోటె దగ్గర ఒక గోడౌన్‌లో స్టాకు చూసుకుంటాను. నా భార్య మందుల షాపులో బిల్లులు వేస్తుంది. మేమిద్దరం ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటిపోతుంది. మధ్యాహ్నం స్కూలు వ్యాను దగ్గర పాపను దించుకోవడం, అన్నం తినిపించడం, నిద్రపుచ్చడం, మేం వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండడం, అంతా అవ్వే చేస్తుంది. ఒకసారి నెలకింత అని చేతిలో పెట్టబోతే ఆమెకు ఒళ్ళు మండింది.

"నేనేమన్నా బేబీ సిట్టింగు పెట్టుకోని ఉండానా అప్పా? ఎత్తుకోని పో నీ దుడ్డు. బిడ్డ సుమ్నే, ఊరికే ఆడుకుంటా ఉండాది, నాకేం బరువా?"

మళ్ళీ ఎప్పుడూ ఇవ్వబోలేదు. ఊరికే వచ్చేది కదా అని నిశ్చింతగా ఉండిపోయాను కూడా. ఆ నిశ్చింత తలచుకుంటే ఇప్పుడు నాకు నా మీదే చిరాకు.

నాకు కోపం త్వరగా వస్తుంది. సిగ్గు అంతకంటే త్వరగా వస్తుంది. పాప ప్రశ్న విన్న రోజు నుంచి నేను మా వఠారాన్ని ఆ క్లాసు అమ్మల కళ్ళతో చూడటం మొదలుపెట్టాను. మా సందులోకి కారు రాదు. వచ్చినా తిప్పుకునే చోటు లేదు. ఎవరి పిల్లకైనా బాత్రూమ్ అవసరమైతే బకెట్టు చేతికిచ్చి వాకిలి చివరికి పంపాలి. ఆ ఊహకే నాకు చెమట పట్టింది. నా భార్య మా మేనమామ కూతురు. నన్ను చిన్నప్పటి నుంచీ చూస్తున్నది కాబట్టి మొహమాటం లేకుండా మాట్లాడుతుంది.

"వాళ్ళేమన్నా మన బాత్రూమ్ చూసేకి వస్తారా బావా? పిల్లలొస్తారు, కేకు తింటారు, పోతారు" అంది.

"నీకు తెలీదు, నువ్వా పార్టీలు చూళ్ళేదు" అన్నాను. అదేదో పెద్ద చదువు నేను చదివినట్టు.

ఇక చోటు కోసం వేట మొదలైంది. మాల్‌లో అడిగితే పిల్లకింత అని చెప్పి, కాళ్ళకు వేసుకునే మేజోళ్ళకు వేరే అన్నారు. ఇంట్లో మాట్లాడి చెబుతానని వచ్చేసి, ఆ దారి మళ్ళీ తొక్కలేదు. క్లబ్‌హౌస్ కావాలంటే అందులో ఫ్లాట్ ఉండాలి. దగ్గర్లోని పార్కు మంచిదనుకున్నాను, పచ్చగా ఉంటుంది, పైసా ఖర్చు లేదు. అక్కడి కాపలాదారు మాత్రం "ఇల్లి కేకు గీకు కట్ మాడంగిల్ల సార్" అని గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. అక్కడ కేకు కొయ్యకూడదట, చీమలు పడతాయట. చీమలకు లేని చోటు బెంగళూరులో ఎక్కడుందో అతనికే తెలియాలి.

చివరికి సంతకు పోయే దారిలో ఒక టిఫిన్ హోటలు మేడ మీద గది దొరికింది. బయట "పార్టీ హాల్" అని బోర్డు, లోపల నాలుగు పొడుగాటి బల్లలు, గోడ మీద ఎవరి పెళ్ళి నాటివో వెలిసిన కాగితం పువ్వులు. నేను కన్నడంలో రెండు వాక్యాలు కూడబలుక్కుంటూ ఉంటే మేనేజరు నవ్వి, "తెలుగులోనే చెప్పప్పా, మాది కుప్పం కడ" అన్నాడు. గదికి బాడుగ లేదు. ఇరవై ప్లేట్ల భోజనం చెప్పాలి. అంతకు మించితే ప్రతి ప్లేటుకూ వేరే.

"పిల్లోళ్ళు సగమే తింటారు గదన్నా" అన్నాను ఆశగా.

"సగం తిన్నా తట్ట ఒకటే కదప్పా కడిగేది" అన్నాడు.

తట్టంటే వాళ్ళ మాటలో ప్లేటే. ఇరవైకీ ఒప్పుకున్నాను. క్లాసు పిల్లలు తొమ్మిది మంది. వాళ్ళ వెంట వచ్చే అమ్మో నాన్నో తొమ్మిది మంది. మేం ముగ్గురం. అప్పటికే ఒక ప్లేటు ఎక్కువైంది, నేను తిననులే అన్నాను. నా భార్య అప్పుడు అడిగింది, "మరి అవ్వ?"

వఠారంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరూ పెట్టింది కాదు, ఎవరూ తప్పరు. ఒకింటిని పిలిచి ఇంకో ఇంటిని వదలకూడదు. ఒకరు బజ్జీలు వేస్తే నాలుగు గిన్నెలు మిగతా ఇళ్ళకు బయలుదేరతాయి. మా ఆవిడ సీమంతానికి ఒక ఇంటివాళ్ళు ఊళ్ళో లేరని, వాళ్ళు వచ్చేదాకా గాజులు దాచి పెట్టాం. అవ్వ ఒక్కతినీ పిలిచానంటే మిగతా మూడిళ్ళ ముందు ఆమెను దొంగను చేసినట్టే. అందరినీ పిలిస్తే ఇరవై ప్లేట్లు నలభై అవుతాయి. కాబట్టి ఎవరినీ వద్దన్నాను. పిలవకపోవడమే కాదు, అసలు తెలియనివ్వకూడదన్నాను.

ఇదంతా ఖర్చు కోసమేనని నా భార్యకు చెప్పాను. అందులో సగమే నిజం. మిగతా సగం ఆమెకూ తెలుసని ఇప్పుడనిపిస్తుంది. ఇంగ్లీషులో పిల్లల్ని గదమాయించే ఆ అమ్మల మధ్య, అవ్వ తన రబ్బరు చెప్పులతో వచ్చి, బల్ల ముందు కాకుండా నేల మీద చతికిలబడి, "ఏమప్పా, సాంబారు నీళ్ళు నీళ్ళుగా ఉండాదే" అని హాలంతా వినబడేట్టు అంటుందని నాకు భయం. నా బిడ్డకు రోజూ ముద్దలు పెట్టే మనిషిని చూసి సిగ్గుపడ్డాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. అవ్వకు తెలుగు చదవడం రాదు కాబట్టి రాయగలుగుతున్నాను. అదీ నా ధైర్యం.

పుట్టినరోజు ఆదివారం పడింది. అంతకు ముందు సోమవారం సాయంత్రం పాపను తీసుకోవడానికి వెళ్తే, అవ్వ పూలు కడుతూనే అడిగింది.

"పాప పుట్టినపండగ వస్తా ఉండాది గదప్పా, ఏం చేస్తాండారు?"

"ఈసారి ఏమీ లేదు పెద్దమ్మా. చేతిలో కొంచెం ఇబ్బందిగా ఉంది."

"అయ్యో, దానికేమి? నేను పాయసం చేస్తా. నాలుగిండ్లోళ్ళం తలా ఒగటి చేసుకొస్తే సరిపాయె. వాకిట్లో కూసోబెట్టి హారతి ఇస్తాం. బిడ్డ పుట్టినదినం సుమ్నే పోనిస్తామా?"

తప్పించుకోబోయి ఇంకా లోతుకు దిగాను. ఆదివారం మధ్యాహ్నం పిల్లను బయటికి తీసుకుపోవడానికి నాకొక కారణం కావాలి, అది ఎవరూ అడ్డు చెప్పలేనిదై ఉండాలి. గోడౌన్‌లో నాతో పనిచేసే అతని కొడుకు గుండెలో ఏదో చప్పుడు ఉందన్నారని అతను ఆ రోజే చెప్పి బాధపడ్డాడు. ఆ మాట నా నోట్లో సిద్ధంగా ఉంది.

"అది కాదు పెద్దమ్మా. పాపకు గుండెలో ఏదో చప్పుడు వస్తోందన్నారు స్కూల్లో చూసిన డాక్టరు. ఆదివారం పెద్దాస్పత్రికి రమ్మన్నారు. అందుకే ఈసారి ఏమీ పెట్టుకోలేదు."

అవ్వ చేతిలో దారం ఆగిపోయింది. నన్ను కాదు, వాకిట్లో తొక్కుడుబిళ్ళ ఆడుతున్న పాపను చూసింది. "కుంటద్దు తల్లీ, కుంటద్దు. ఇట్ల రా" అని పిలిచింది. పాప వస్తే ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వంగి చెవి దాని రొమ్ముకు ఆనించి చాలాసేపు విన్నది. పాపకు చక్కిలిగింత పుట్టి కిలకిలా నవ్వింది.

"ఏం వినబడతాంది అవ్వా?"

"నీ గుండె తల్లీ. గబగబా కొట్టుకుంటాంది."

కుంటుతూ ఆడిన పిల్ల గుండె గబగబా కాక మెల్లగా కొట్టుకుంటుందా? ఆ క్షణాన నవ్వేసి, ఊరికే అన్నాను పెద్దమ్మా అని ఉంటే పోయేది. అనలేదు. తల ఊపాను.

ఇంట్లోకొచ్చి నా భార్యకు చెబితే ఆమె మొహం పాలిపోయింది. గోడకు చెవులుంటాయని గొంతు తగ్గించి తిట్టింది. గొంతు పెంచి తిట్టినా అంత తగిలేది కాదు.

"నీ నోట్లో మన్ను పొయ్య. తథాస్తు దేవతలుంటారు పైన. బిడ్డ పుట్టినరోజని గూడా లేకుండా గుండె మీద అంటావా? ఇంకేమీ దొరకలేదా నీకు? నాకు బాలేదని చెప్పింటే కాదా?"

నిజమే, నాకెందుకో ఆమె పేరు తోచలేదు, నా పేరూ తోచలేదు. తల్లికో తండ్రికో జబ్బు చేస్తే పాయసం ఆగుతుందా, బిడ్డకు చేస్తేనే ఆగుతుంది. నా బుర్ర అంత చురుగ్గా పనిచేసింది. ఆమె స్నానం చేసి దేవుడి ముందు దీపం పెట్టింది. నన్ను నోరు పుక్కిలించుకోమంది. పుక్కిలించాను కూడా. ఆ వారమంతా పాప రెండుసార్లు దగ్గినా ఇద్దరం ఉలిక్కిపడేవాళ్ళం.

ఆ వారం పాపను అవ్వ పరుగెత్తనివ్వలేదు. వాకిట్లో పిల్లలు ఆడుతుంటే తన పక్కన పీట వేసి కూర్చోబెట్టి, పువ్వులు జతలు జతలుగా అందించమనేది. రోజూ ఒకసారి చెవి పెట్టి వినేది. మిగతా ఇళ్ళవాళ్ళకూ తెలిసిపోయింది. ఒకరు బీట్‌రూట్ పంపారు, ఒకరు దానిమ్మ పండు పంపారు. తీసుకోక తప్పలేదు. ఇచ్చినవాళ్ళ మొహం చూడలేక గిన్నెలు కూడా నా భార్య చేతే తిరిగి పంపించాను. పాప మాత్రం ఒకరోజు అడిగింది.

"నాన్నా, నాకు నిజంగా చప్పుడు వస్తుందా?"

"లేదమ్మా. అది మనం ఆడే ఆట. ఆదివారం మనం పార్టీకి పోతాం కదా, అవ్వ అడిగితే ఆస్పత్రికని చెప్పాలి. సరేనా?"

"అవ్వ పార్టీకి రాదా?"

"రాదు."

"ఎందుకు?"

ఎందుకో చెప్పలేక కసిరాను. చెప్పింది చెయ్యమన్నాను. అది తల ఊపి, వేళ్ళు లెక్కపెట్టుకుంటూ పెదవుల్లోనే "ఆస్పత్రి, ఆస్పత్రి" అనుకుంది, పాఠం వల్లె వేసినట్టు.

ఆదివారం పొద్దున తలుపు వేసుకుని కొత్త గౌనుకు పసుపు పెట్టాం. గులాబీ రంగు గౌను, ఈకల్లాంటి చేతులు. పాప దాన్ని ఒక్కసారి ఒంటికి ఆనించుకుని చూసుకుంది. తర్వాత దాన్ని మడిచి, మా ఆవిడ కాన్పు నాటి పెద్ద స్కానింగు కవరులో పెట్టాను. ఆస్పత్రికి పోయేవాళ్ళ చేతిలో అటువంటి కవరు ఉండాలి కదా. పాపకు ఇంట్లో వేసే పాత గౌనే తొడిగాం. పుట్టినరోజు పూట పాత గౌనుతో బయటికొచ్చిన పిల్లను చూసి, కొళాయి దగ్గర నీళ్ళు పడుతున్నవాళ్ళు బిందెలు జరిపి దారిచ్చారు. నాకు ఆ మర్యాద కంటే ఎవరైనా నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

అవ్వ గేటు దగ్గరే ఉంది. పాప జడలో మూరెడు కనకాంబరాలు పెట్టింది. నుదుట విభూతి రాసింది.

"ఎట్లాటి దినమైనా పూలు లేకుండా పోగూడదు తల్లీ, పుట్టినపండగ" అంది. తర్వాత నాతో, "నేను ఒక్కపొద్దు ఉంటా అప్పా. నువ్వొచ్చి మంచి మాట చెప్తేనే నాకు ఊట, అంతదాకా అన్నం ముట్టను. బిన్నా రాండి, తడవు చెయ్యద్దండి" అంది.

కవరు చంకలో పెట్టుకుని సరే పెద్దమ్మా అన్నాను. ఆ గేటు దాటి సందు మలుపు తిరిగేదాకా నా భార్య నా పక్కన నడవలేదు, రెండడుగులు వెనకే వచ్చింది.

హోటల్ బాత్రూమ్‌లో పాపకు గౌను మార్చాం. విభూతి తుడిచేయబోతే పాప తల తిప్పేసుకుంది, "అవ్వ పెట్టింది, ఉండనీ" అని. ఉండనిచ్చాం. పార్టీ బాగానే జరిగింది. అది కూడా చెప్పాలి. పిల్లలు బెలూన్లు పగలగొట్టారు, ఉబ్బిన పూరీలను గుద్ది గుద్ది తిన్నారు. సర్వర్ తట్టలు లెక్కపెడుతూ తిరిగాడు. నేను తినకుండా నిలబడ్డందుకు ఒకావిడ "ఫాస్టింగా?" అని అడిగింది. అవునన్నాను. అదొక అబద్ధం. ఇంకొకావిడ, కడప వైపు వాళ్ళట, నా భార్యతో మాట్లాడుతూ, "మేం కూడా ఇంట్లో చోటు లేకనే ఆ పిజ్జా కాడ పెట్టుకున్నాం. మాది ఒక్కటే రూము. మీ ఇంట్లో చేసినా వచ్చేవాళ్ళం గదా" అంది. నా భార్య నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేనే తల దించుకునేవాణ్ణి.

కేకు కోసే ముందు పాప కత్తి పట్టుకుని ఆగింది. చుట్టూ చూసి, నా చెయ్యి లాగి, చెవిలో అడిగింది.

"ఆట ఎప్పుడు అయిపోతుంది నాన్నా? అవ్వకు ఎప్పుడు చెప్తాం?"

"ముందు కేకు కొయ్యమ్మా, అందరూ చూస్తున్నారు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటోల్లో పాప నవ్వుతూనే ఉంది. ఆ ఫోటోలు ఇప్పటికీ మేం ఎవరికీ చూపించలేదు. ఎవరికి చూపిస్తాం?

అందరూ వెళ్ళాక సగం కేకు మిగిలింది. ఆస్పత్రి నుంచి కేకు డబ్బాతో ఎలా వస్తాం? హోటల్లో తట్టలు కడిగేవాళ్ళకు ఇచ్చేశాను. పాప "అవ్వకు ఒక ముక్క" అంది. వద్దన్నాను. రంగు కాగితాలు చుట్టిన బహుమానాలు తొమ్మిదీ ఆ పూటకు హోటల్లోనే ఉంచి, మర్నాడు నా గోడౌన్ అలమారలో పెట్టాను. తర్వాత రోజుకొకటి టిఫిన్ సంచిలో పెట్టుకుని, దొంగ సొత్తులా ఇంటికి చేర్చాను. ఏ బొమ్మ ఎవరిచ్చిందని అడిగినా ఆఫీసులో ఎవరో ఇచ్చారని చెప్పమని పాపకు నేర్పాను. ఆపాటికి ఆ పిల్లకు నేర్పడం కష్టం కావడం లేదు.

గౌను మార్చి, మొహం కడిగి ఇంటికొచ్చేసరికి ఎండ తగ్గుతోంది. అవ్వ గేటు మెట్టు మీదే కూర్చుని ఉంది. పొద్దున కట్టిన చీరే. మమ్మల్ని చూసి లేవబోయి, మోకాలు పట్టేసి మళ్ళీ కూర్చుంది.

"ఏమన్నారప్పా?"

నాకు దారి పొడవునా అదే ఆలోచన. నిజం చెప్పేద్దామనే అనుకున్నాను. పొద్దున్నుంచి ఏమీ తినని ఆ మొహం చూశాక నోరు రాలేదు. ఇంకో అబద్ధంతో మొదటి అబద్ధాన్ని పూడ్చేస్తే అందరికీ సుఖం అనిపించింది.

"ఏమీ లేదన్నారు పెద్దమ్మా. స్కూలు డాక్టరు పొరపాటు పడ్డాడంట. గుండె బ్రహ్మాండంగా ఉందన్నారు."

ఆమె రెండు చేతులూ ఎత్తి తూర్పుకు తిరిగి దండం పెట్టింది. ఏడ్చింది కూడా. పాపను లోపలికి తీసుకుపోయి, ముందే చేసి పెట్టిన పాయసం గిన్నె దాని ముందు పెట్టింది. పూరీలతో, కేకుతో కడుపు నిండిన పిల్ల, ఒక్క మాట అనకుండా ఆ పాయసమంతా తిన్నది. తర్వాతే అవ్వ అన్నం తిన్నది. నేను మా ఇంట్లో కూర్చుని ఆ గిన్నె చప్పుడు వింటున్నాను. నా భార్య నా ముందు కంచం పెట్టి వెళ్ళిపోయింది. పొద్దున్నుంచీ నేనూ తినలేదు. తినబుద్ధి కాలేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. పాప మళ్ళీ కుంటుతూ ఆడుకుంది. వఠారం మరచిపోయింది. దసరా సెలవులకు ముందు అవ్వ తన చెల్లెలి వాళ్ళతో తిరుపతికి బయలుదేరింది. రెండు రోజులు పాపను మందుల షాపుకే తీసుకెళ్ళి, నా భార్య బల్ల వెనక కూర్చోబెట్టుకుంది. మూడో రోజు సాయంత్రం నేను వచ్చేసరికి అవ్వ వాకిట్లో కూర్చుని ఉంది, లడ్డూ పొట్లాలు ఐదిళ్ళకూ పంచుతోంది. చీర కొంగు తల మీద కప్పుకుంది. పాప వచ్చి ఆ కొంగు లాగింది. బోడిగుండు. చందనం రాసుకుంది, అక్కడక్కడా గాటు పడి ఎండిన రక్తం. పాప రెండు చేతులతో ఆ గుండు తడిమి, గరుకుగా ఉందని నవ్వింది.

నా భార్య అక్కడే నిలబడి ఉంది. ఆమెకు అర్థమైంది, నాకంటే ముందే.

"మూడు కత్తెర్లు ఇచ్చింటే సాలు గదా పెద్దమ్మా? ఆడోళ్ళు అంతే గదా ఇచ్చేది?" అంది.

"గుండె గదమ్మా. గుండెకి మూడు కత్తెర్లని ఎట్ల మొక్కుకొనేది? బిడ్డకు ఏమీ లేదనిపించు సామీ, తలనీలాలు పూరా ఇస్తానని ఆ పొద్దు గేటు కాడనే మొక్కుకొంటి. ఆయప్ప నా మాట విన్నాడు. నేను ఎగ్గొడతానా?" అని ఆమె నవ్వింది. "మా ఆయన బేజారు చేసుకున్నాడు. ఎంట్రుకలదేముండాది, మళ్ళా వస్తాయి పోనీ అంటి."

నా భార్య లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను నిలబడ్డాను. పెద్దమ్మా, ఒక మాట, అన్నాను. ఏమప్పా అంది. లడ్డూ బాగుంది అన్నాను. ఇంకా పొట్లం విప్పనే లేదు.

పాప అప్పటికి అవ్వ ఒళ్ళో చేరింది. గుండు నిమురుతూనే అడిగింది, "అవ్వా, నాకోసమా?"

"నీకోసమే తల్లీ. నీ గుండెలో చప్పుడు పోయింది గదా, అందుకు."

పాప నా వైపు చూసింది. ఆ ఆదివారం ఎక్కడికి పోయామో దానికి బాగా తెలుసు. గులాబీ గౌను, బెలూన్లు, కేకు, అన్నీ తెలుసు. ఇప్పుడు చెప్పేస్తుందనుకున్నాను. చెప్పేస్తే బాగుండునని కూడా అనుకున్నాను, నాకు చేతకాని పని అదైనా చేస్తుందని. అది నన్ను చూసినంతసేపు చూసి, అవ్వ చెయ్యి తీసుకుని తన రొమ్ము మీద పెట్టుకుంది.

"చూడవ్వా, ఇప్పుడు చప్పుడు రాదు. ముందైతే రోజూ నొప్పి కూడా వస్తుండె. ఇప్పుడేమీ లేదు."

అవ్వ దాన్ని గట్టిగా వాటేసుకుని, మళ్ళీ మళ్ళీ దండం పెట్టుకుంది. నొప్పి అనే మాట నేను నేర్పింది కాదు.